పొలిమేర దాటిన పెరుగు

"ఖాళీ ముంతలు తెచ్చి నా ఎదర పెడితే నానేటి సేసుకోను? గుమ్మానికి కట్టుకోనా?"

ధనరాజ్ అరుపుకి హోటలు వంటింట్లో కూరలు తరుగుతున్న ఆడవాళ్ళ చేతులు కత్తిపీటల మీద ఆగిపోయాయి. ఆటో డ్రైవరు మాత్రం చలించలేదు. భుజం మీద తువ్వాలు తీసి తీరిగ్గా దులుపుకున్నాడు.

"ఊళ్ళోకి పోనిస్తే కదా బాబూ తేడానికి! రోడ్డుకి అడ్డంగా ఏపమండల తాడు కట్టీసారు. అవతల పెరుగు అవతలే, ఇవతల ముంతలు ఇవతలే. ఊరు కట్టంట."

ఆ మాట వినగానే ధనరాజ్ భార్య శైలజ పొయ్యి వదిలి గుమ్మంలోకి వచ్చింది.

ఈతమానువలస ఆమె పుట్టిన ఊరు. అక్కడ బంగారమ్మ తల్లి సంబరానికి ఊరు కట్టు వేశారంటే, అమ్మవారి ఘటం వీధులన్నీ తిరిగి గుడి చేరేదాకా మనిషి లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు. గింజ గానీ పాలచుక్క గానీ పొలిమేర దాటకూడదు. ఆ ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. శైలజకీ తెలుసు. సంబరమని అమ్మ ఫోన్ చేసి చెబితే పసుపు రంగు చీర కొని అమ్మవారికి పంపించింది కూడా. చీర పంపిన ఆడపిల్లా, పొద్దున్నే పెరుగు ముంతల కోసం ఎదురుచూసే హోటలు మనిషీ ఒకరేనని ఆ పిల్లకి తట్టలేదు, అంతే. మన బుర్రలు అలాగే ఉంటాయి మరి. పుట్టింటి అర వేరు, కొట్టు అర వేరు.

"సీర పంపింది, గాజులు పంపింది," అంది తాతమ్మ, వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ. "సంబరం నాడు పెరుగెలగ వస్తాదని ఒక్కలైనా అనుకున్నారేటి? నన్నడిగితే సెప్పకపోదునా? ముసల్దాన్ని నన్నెవుడడుగుతాడు!"

తాతమ్మ శైలజకి అత్తగారే కాదు, కన్నతండ్రికి తోడబుట్టిన అక్క. అదే ఊళ్ళో పుట్టింది, అదే సంబరం చూస్తూ పెరిగింది. ఆవిడకి మాత్రం నిన్నటిదాకా ఎందుకు తట్టలేదని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది గనక!

"ఇయాళే కావాలా!" ధనరాజ్ తల పట్టుకున్నాడు. "మధ్యాన్నానికి బస్సు వచ్చీస్తాది. దీక్షిత్ గారు ఆ ముంత పెరుగు కోసమే కదేటి ఇక్కడ ఆపుతానన్నది!"

దీక్షిత్ విజయనగరంలో యాత్రా బస్సులు నడిపే మనిషి. పొద్దున్న రామతీర్థం, తరవాత అరసవిల్లి, శ్రీకూర్మం. మధ్యలో భోజనానికి ఒక చోటు కావాలి. ఒకసారి దారిన పోతూ ఇక్కడ తిని, ముంత పెరుగు దగ్గర ఆగిపోయాడు. ఇవాళ బస్సు నిండా యాత్రికులతో వస్తున్నాడు. వాళ్ళు మెచ్చితే ఇక మీద అతని బస్సులన్నీ ఇక్కడే ఆగుతాయి. హైవే మీద వంతెన కట్టిన దగ్గర్నుంచీ కార్లు నెత్తి మీంచి పోతున్నాయి, హోటలేమో కింద ఉండిపోయింది. బస్సులు ఆగకపోతే ఈ పొయ్యి ఎన్నాళ్ళో వెలగదని ఆలుమగలిద్దరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఇంత గొంతు లేస్తోంది.

"నాను ముందే సెప్పాను నీకు. ఒక్కసోటునే నమ్ముకోవద్దని."

"ఒక్కసోటేటి బావా? మా నాన్నింటి పాలు, సిన్నాన్నింటి పాలు, ఎగువీధి ఆడోళ్ళ పాలు. ఒకలింట్లో గేదె ఒట్టిపోతే ఇంకొకలింట్లోది ఉంటాదనే కదా అలగ ఏర్పాటు సేసాను!"

"మూడిళ్ళు ఏర్పాటు సేసావు. మూడు ఊళ్ళు సేసావేటి? ఒక్క తాడు కట్టీసరికి మూడిళ్ళూ ఒకేసారి మూతపడిపోనాయి."

అబద్ధం చెప్పినవాడి మీద కన్నా నిజం చెప్పినవాడి మీదే మనకి ఎక్కువ కోపం వస్తుంది. శైలజకీ వచ్చింది.

"మరి తుఫానప్పుడు నీ విశాపట్నం వ్యానేమైపోనాది? పెరుగు పేకెట్లతో రోడ్డు మీదే ఉండిపోలేదేటి? మోకాలి లోతు నీళ్ళల్లో పాలు మోసింది మా ఊరోళ్ళే కదా. అప్పుడు ఊరు మంచిది, ఇప్పుడు సెడ్డదైపోనాదేటి?"

"సెడ్డదని ఎవుడన్నాడు? దూరమైపోనాదంటన్నాను. ఇయాల్టికి."

శైలజ ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

తండ్రి అప్పలసూరి చాలాసేపటికి గానీ ఫోనెత్తలేదు. వెనక డప్పులు మోగుతున్నాయి.

"నాన్నా, కట్టేస్తన్నారని ఒక్క మాట ముందు సెప్పకూడదేటి?"

"నీకు సెప్పాలేటమ్మా? నీకు తెల్దేటి?"

శైలజ పెదవి కొరుక్కుంది. "సరేలే, మర్సిపోనాను. పాలు తోడెట్టారా, లేదా?"

"తోడెట్టాం. అమ్మవారి సద్ది నైవేద్యానికి."

"దాంట్లోంచి నాకు పంపు నాన్నా. రోడ్డు మీదకి రావొద్దు. వాగు దాటి పొలం గట్ల మీంచి వస్తే ఎవుడు సూస్తాడు? సిన్నాన్ననో ఎవుడ్నో పంపు."

"ఎవుడ్ని పంపుతాను? పాపమని తెలిసి ఇంకోడి నెత్తినెడతానేటి?"

"పెరుగు నాన్నా! పాపమేటి!"

"గటమెత్తాల్సినోడ్ని. ఉపోషంతో ఉన్నాను. నాతో ఇలగ మాటాడకే తల్లీ."

ఆ ఊళ్ళో ఘటం అప్పలసూరి ఇంటిది. తాత ఎత్తాడు, తండ్రి ఎత్తాడు, ఇప్పుడు తను ఎత్తుతున్నాడు. మగపిల్లలు లేరు. దాయాది నరసింగరావు ఆ ఘటం మీద కన్నేసి చాలా కాలమైంది. ఒకసారి ఇల్లు మారిన ఘటం తిరిగి పాత ఇంటికి రాదని అందరికీ తెలుసు కాబట్టి, అప్పలసూరికి జలుబు చేసినా నరసింగరావు వచ్చి పలకరించి పోతుంటాడు. శైలజకి ఇదంతా తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"గటం నీది. ఊరు నీది. ఎగువీధి ఆడోళ్ళు నా హోటలుని నమ్ముకుని గేదెల్ని కొనుక్కున్నారు, ఆలకి నాను మాటిచ్చాను. ఆ మాట మాత్రం ఎవుడిదీ కాదు. పెళ్ళి సేసి పంపీసినాక కూతురు కూడా పొలిమేర అవతలదే గావాల."

అవతల డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఎప్పుడూ "ఉంటానమ్మా" అనందే ఫోన్ పెట్టని మనిషి, ఈసారి ఏమీ అనకుండా పెట్టేశాడు.

అనకూడని మాట అన్నానని శైలజకి వెంటనే తెలిసింది. మళ్ళీ ఫోన్ చేస్తే బాగుండేది. చెయ్యలేదు. కోపంలో ఉన్న కూతుళ్ళు ఆ పని ఎప్పుడూ రేపటికి వాయిదా వేస్తారు.

లోపలికి వచ్చేసరికి ధనరాజ్ కూడా ఫోన్‌లోనే ఉన్నాడు. ఆమెని చూసి గొంతు తగ్గించాడు.

"ఎవలు?"

"ఎల్లాజీ."

ఎల్లాజీ శ్రీకాకుళంలో హోటళ్ళన్నిటికీ పాలూ పెరుగూ వేసే మనిషి. అతనికి డెయిరీ ఉంది, చల్లటి గది ఉంది, వ్యాన్లు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా ఓపిక ఉంది. ఎవరికి ఎప్పుడు కాలు జారుతుందా అని చూస్తూ కూర్చుంటాడు.

"ఏటంటాడు?"

"గంటలో పంపిస్తానన్నాడు. గేదె పెరుగే. అయితే..."

"అయితే?"

"ఇయాల్నుంచి ఏడాది పొడుగూ తనదే తీసుకోవాలంట. ఇంకెవుడి పెరుగూ ఈ వంటింట్లోకి రాకూడదంట."

శైలజ గోడకి ఆనుకుంది. "ఎగువీధోళ్ళకి నానేటి సెప్పాల?"

"కట్టేసినప్పుడు ఆలు నీకు ఏటి సెప్పారు?"

"అది అమ్మవారి పని బావా. ఆల సేతుల్లో ఉన్నాదేటి?"

"నా సేతుల్లో మాత్రం ఏటున్నాదే?" ధనరాజ్ గొంతు ఒక్కసారి పడిపోయింది. "బస్సు తప్పిపోతే మనిద్దరం ఏటి సేస్తాం? అది సెప్పు ముందు."

"పెరుగు లేదని ఉన్నమాట సెబుదాం. మజ్జిగ పోద్దాం. ఇంకోసారి రమ్మందాం."

"ఇంకోసారి! ఆయనకి రోడ్డు పొడుగునా ఓటళ్ళే."

"నీ ఎల్లాజీ కూడా ఒక్కసోటే కదా. రేపు ఆ వ్యానాగిపోతే?"

ధనరాజ్ వీధిలోకి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేశాడు. శైలజ వినలేదు గానీ, అతను తలూపిన తీరు గుమ్మంలోంచి కనబడింది. మాట ఇచ్చేశాడు.

తాతమ్మ చింతపండు గిన్నె పక్కకి జరిపి కోడలి ముఖం చూసింది. చురక వెయ్యడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అయినా వెయ్యలేదు. "పప్పు అడుగంటుతున్నాది సూసుకో," అని మాత్రం అంది.

వ్యాను చెప్పినట్టే వచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ బకెట్లలో పెరుగు, ఎక్కడా నీరు తేలకుండా, గరిట పెడితే ముక్కలుగా లేస్తోంది. శైలజ కొంచెం నోట్లో వేసుకుంది. బాగుంది. బాగుండకపోతే ఎంత బాగుండేదో అనుకుంది.

"బకెట్లు దించీసి ఎలిపోవద్దన్నారండి మా ఓనరు," అన్నాడు వ్యానుతో వచ్చిన మనిషి, వెనక గుమ్మం దగ్గర మడతమంచం మీద కూర్చుంటూ. "వడ్డన అయినాక ఖాళీవి తెమ్మన్నారు."

కాపలా అన్నమాట.

బస్సు వచ్చింది. యాత్రికులు కాళ్ళు కడుక్కుని బల్లల దగ్గర సర్దుకున్నారు. దీక్షిత్ అందరి మధ్యా కూర్చుని, "చూడండి, అసలు సంగతి చివర్న ఉంది," అని వాళ్ళని ఊరిస్తున్నాడు. ఆ మాట వంటింట్లోకి వినబడింది. పప్పు అయింది, వంకాయ కూర అయింది, పులుసు నడుస్తోంది. ధనరాజ్ పరుగెత్తుకుంటూ వచ్చి, "బకెట్లు గిన్నెల్లోకి తియ్యండి," అన్నాడు.

అప్పుడు పెరటి తలుపు దగ్గర కావిడి బద్ద చప్పుడైంది.

అప్పలసూరి నిలబడి ఉన్నాడు. పంచె తొడల దాకా తడిసి బురదైపోయింది. నుదుట కుంకుమ చెమటకి కారి ముక్కు దాకా వచ్చింది. కావిడికి రెండు వైపులా బుట్టలు, బుట్టల నిండా గడ్డి, గడ్డిలో గుడ్డలు కట్టిన ముంతలు.

"రెండు ముంతలు వాగులో పోనాయమ్మా," అన్నాడు, అదే తన తప్పయినట్టు. "మిగిలినవి బాగానే ఉన్నాయి. తెల్లారి తోడుకున్నదే."

"నాన్నా!"

శైలజ ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియదు. కావిడి దింపించింది. ఆయన చేతులు పట్టుకుంది. కన్నబిడ్డ అంత మాట అన్నాక కూడా వచ్చాడు! ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు.

ఆలోచించింది తాతమ్మ. వాకిట్లోంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి తమ్ముడి ఎదట నిలబడింది.

"ఒరే సూరీ. గటంరా?"

అప్పలసూరి తల తిప్పుకున్నాడు. "ఎత్తీవోళ్ళు ఎత్తుతారు."

"ఎవుడ్రా ఎత్తీవోడు? మన అయ్య ఎత్తిన గటంరా అది! కట్టు దాటినోడ్ని మళ్ళీ లోనకి రానిస్తారేటి?"

"నువ్వరవకు అప్పా. బయట జనాలున్నారు."

"ఎవుడ్నైనా పంపీకపోనావా!"

"పాపం నాదైతే నానే మొయ్యాల గదా. ఇంకోడికెందుకు?"

తాతమ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది. పొద్దుట్నుంచి అందరినీ చీల్చి చెండాడిన నోరు మూతపడిపోయింది. ఆవిడ నోరు మూసుకుంటే ఇంత భయంగా ఉంటుందని శైలజకి ఇన్నాళ్ళూ తెలియదు. ఏం చేశానో అప్పుడు ఆమెకి మెల్లగా బోధపడింది.

అప్పలసూరి చూపు ప్లాస్టిక్ బకెట్ల మీద పడింది.

"ఇదేటమ్మా? పెరుగు వచ్చీసిందేటి?"

ధనరాజ్ బకెట్లకి అడ్డంగా జరిగాడు.

"మావా, మరి... బస్సు వచ్చీస్తన్నాదని..." ధనరాజ్ నసిగాడు. "నువ్వొస్తావని అనుకోలేదు. ఎల్లాజీకి మాటిచ్చీసాను."

మడతమంచం మీద మనిషి అప్పటికే లేచి ఫోన్ తీశాడు. "ఓనరుగారండీ, ఈలు బయట ముంతలు దించుతన్నారండి."

"అయితే అదే వడ్డించండి," అన్నాడు అప్పలసూరి. "మాటిచ్చినాక తప్పకూడదు. ఇది మజ్జిగ సేసీసుకోండి."

తండ్రి ఆ మాట కోపంగా అని ఉంటే శైలజ తట్టుకునేది. ఆయన మామూలుగా అన్నాడు. ఆమె గడ్డిలోంచి రెండు ముంతలు తీసి చంకన పెట్టుకుంది.

"శైలూ!" అన్నాడు ధనరాజ్.

"మాట నువ్విచ్చావు బావా. నానివ్వలేదు."

గుడ్డ విప్పి మొదటి ముంత దీక్షిత్ బల్ల మీద పెట్టింది. మీగడ పసుప్పచ్చగా కట్టుకుని ఉంది. దీక్షిత్ అన్నం మధ్యలో గుంట చేసి, పెరుగు వేసుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు. పక్కనున్న పెద్దావిడ మాట్లాడకుండా ముంతని తన వైపు లాక్కుంది. తక్కిన బల్లల వాళ్ళు "మాకేదీ?" అని కేకలు మొదలుపెట్టారు. శైలజ లోపలికీ బయటికీ పరుగులు తీసింది.

"ఇదేనమ్మా!" అన్నాడు దీక్షిత్. "మీ వంటింట్లో బకెట్లు చూసి ఇందాక కంగారుపడ్డాను. అదీ పెరుగే, కాదనను. అది ఎక్కడైనా దొరుకుతుంది కదా, దానికోసం బస్సు ఇక్కడే ఎందుకు ఆపాలి? ఒక్కటి చెప్పండి. ఏ రోజు వచ్చినా ఇదే ఉంటుందా?"

శైలజ నోరు తెరిచేలోగా వెనకనుంచి ధనరాజ్ అన్నాడు.

"ఏ రోజైనా ఇదేనండి. ఊరు మాది. మనుషులు మావోళ్ళు."

పొద్దున్న మూడిళ్ళ లెక్క చెప్పిన మనిషే. బస్సు చూసి ఆ లెక్క మరిచిపోయాడు. శైలజ అతని ముఖం చూసింది. కాదని చెప్పొచ్చు. చెప్పాలి కూడా. కానీ భర్త తన ఊరిని నలుగురి ముందూ "మాది" అనడం ఇదే మొదటిసారి. ఆ మాట ఆమెకి తియ్యగా ఉంది. ఊరుకుంది.

బస్సు కదలకముందే ధనరాజ్ ఎల్లాజీతో మాట్లాడేశాడు. బకెట్లు తిరిగి వ్యానెక్కాయి. అవతలవాడు ఏమన్నాడని శైలజ అడిగితే, ధనరాజ్ నవ్వేశాడు.

"మళ్ళీ నా గుమ్మం తొక్కకన్నాడు. మనకేటి పని వాడి గుమ్మంతోటి?"

పెరట్లో అప్పలసూరి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అన్నం తినమంటే ఒప్పుకోలేదు. ఘటం గుడి చేరేదాకా ముట్టనన్నాడు. ఘటం తన చేతుల్లో లేకపోయినా ఉపవాసం మాత్రం తనదేనట. తాతమ్మ అంత దూరంలో గోడ వైపు తిరిగి కూర్చుంది. అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక్క మాట లేదు.

పొద్దు వాలుతుండగా శైలజ ఫోన్ మోగింది. అమ్మ, లక్ష్మీనరసమ్మ.

"మీ నాన్న నీకాడే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. అమ్మా, నాను..."

"నువ్వేటీ సెప్పకు. నాను సెప్పింది ఇను. గటం నరసింగరావెత్తాడు. గుడి సేరిపోనాది. మీ నాన్నని ఎప్పుడు రానివ్వాలో తరవాత సూస్తారంట."

శైలజ ఫోన్ చెవికి నొక్కుకుంది. వెనక డప్పులు లేవు. ఎవరో ఆడవాళ్ళు గొడవపడుతున్నట్టు గొంతులు.

"అదొక్కటే కాదే. పెద్దలు గుడికాడే కూకుని తీర్మానం సేసీసారు. గటం మనిషిని పొలిమేర దాటించిన ఓటలుకి ఈ ఊళ్ళోంచి పాలచుక్క పోకూడదంట. పంపినోళ్ళ ఇంటికి నిప్పూ నీళ్ళూ బందంట."

"ఎగువీధోళ్ళు? ఆలేటన్నారమ్మా?"

"ఏటంటారు? తల దించుకుని సరేనన్నారు. ఇప్పుడు మన గుమ్మంలోనే కూకుని నన్ను దులిపేస్తన్నారు. మా గేదెల్ని ఏటి సేసుకోమంటాది మీ పిల్ల అని." లక్ష్మీనరసమ్మ గొంతు తగ్గించింది. "మీ నాన్నకి ఇప్పుడే సెప్పకే. పొద్దుట్నుంచి ఉపోషం. ముందు నాలుగు ముద్దలెట్టు."

ఫోన్ ఆగిపోయింది.

లోపల్నుంచి ధనరాజ్ కేక వినబడింది. "శైలూ! దీక్షిత్ గారు ఫోన్ సేసారే. రేపు రెండు బస్సులంట!"

అప్పలసూరి లేచి, తొట్టిలో నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కున్నాడు.

"మీ అమ్మేనా? గటం గుడి సేరిపోనాదా?"

"సేరిపోనాది నాన్నా."

ఎవరు ఎత్తారని ఆయన అడగలేదు. గుడి ఉన్న దిక్కుకి తిరిగి ఒక్క నిమిషం చేతులు జోడించాడు. తరవాత ఆకు ముందు కూర్చున్నాడు.

శైలజ అన్నం పెట్టింది. పప్పు వేసింది. తాతమ్మ గోడ దగ్గర్నుంచి తల తిప్పి కోడలి ముఖం చూసింది. చూసి, ఏదో అర్థమైనదానిలా, లేచి వచ్చి తమ్ముడి పక్కన కూర్చుని విసనకర్ర అందుకుంది.

ఆయన ఆకలి మీద గబగబా తిన్నాడు. చివరికి అడుగున మిగిలిన ముంత వంచి శైలజ పెరుగు వేస్తుంటే, "సాల్లేవే," అని చెయ్యి అడ్డం పెట్టాడు. పొద్దుట్నుంచి మొదటిసారి ఆయన ముఖంలో కాస్త నవ్వు వచ్చింది.

"అల్లుడు ఏదో రెండు బస్సులంటన్నాడు," అన్నాడు. "ఇంతకీ రేపటికి ఎన్ని ముంతలు కావాలమ్మా?"